పరాయి ఇళ్ళ తాళంచెవులు

తాళంచెవి చేతిలో పెట్టేటప్పుడు ఎవరూ డబ్బు మాట ఎత్తరు. "నువ్వు మా ఇంటి మనిషివి" అంటారు. ఆ మాట వినగానే మన నోరు మూతపడిపోతుంది. ఈ పనిలోకి కొత్తగా దిగుతున్న ఆడపిల్లలకి నేను చెప్పేది ముందుగా ఇదే. ఆ మాట విన్నప్పుడే నోరు తెరవాలి. నేను తెరవడానికి తొమ్మిదేళ్ళు పట్టింది.

నా పేరు సింహాచలం. సంతకం వచ్చు, అంకెలు వచ్చు, అంతకు మించి చదువు లేదు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. నా మాటలు కాస్త చదును చేస్తానంది. చేసుకోమన్నాను, తిట్లు మాత్రం తీయొద్దన్నాను.

మా ఆయన బెంగాల్లో ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన పోయాక క్వార్టరు ఖాళీ చేసి ఆ ఊళ్ళోనే మలంచా పేటలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. అప్పుడే మా పాత పొరుగువాళ్ళు, సూర్యారావుగారూ ఆయన భార్య రవణమ్మా, రిటైరై సొంతూరు విజయనగరం వైపు వెళ్ళిపోతూ సుభాష్‌పల్లిలో ఉన్న తమ సొంత ఇంటి తాళాలు నాకిచ్చారు. అదే మొదటి తాళం. ఒకరిని చూసి ఒకరు ఇస్తూ పోయారు. పని బాగా సాగిన రోజుల్లో నా కొంగుకి పదకొండు ఇళ్ళ తాళాలు ఉండేవి. వాటిలో ఏడు రవణమ్మ చుట్టాలవే.

పనేమిటని అడుగుతారు. అద్దెకు మనిషిని వెతకాలి, అద్దె వసూలు చేసి పంపాలి, కుళాయి కారితే ప్లంబరుని పట్టుకురావాలి, గోడకి చెమ్మ వస్తే సున్నం కొట్టించాలి, రెండు వైపులా తిట్లు తినాలి. అద్దెకున్నవాళ్ళకి నేను ఇంటిగలవాడి మనిషిని. ఇంటిగలవాడికి అద్దెకున్నవాళ్ళ మనిషిని. నా తరఫున మాట్లాడేందుకు మాత్రం నేనొక్కదాన్నే.

తిట్టే హక్కు

డబ్బు అడగడం నాకు నేర్పింది తాల్‌బగీచాలో ఒక బెంగాలీ పెద్దమనిషి. రైల్వేలో డ్రాయింగు ఆఫీసు నుంచి రిటైరయ్యాడు. అందరూ దాదాబాబు అనేవారు. కలకత్తాలో అన్నగారి వాటా ఇల్లు దక్కిందని అక్కడికి మారుతున్నాడు. నన్ను పిలిచి కూర్చోబెట్టి, తాళంచెవులు బల్లమీద పెట్టి, వాటిమీద అరచెయ్యి వేసి అడిగాడు. మేం మాట్లాడుకున్నది బెంగాలీలోనే, మన మాటల్లో చెబుతున్నాను; మాసీ అంటే పిన్ని.

"నీ రేటెంత మాసీ?"

"మీరేటిస్తే అదే బాబూ."

"నేనేమీ ఇవ్వను. అప్పుడు?"

నేను నవ్వేశాను. ఆయన నవ్వలేదు.

"అయితే తాళం ఇవ్వను. ఊరికే చేసేవాళ్ళని నేను తిట్టలేను. రేపు పైపు కారి గోడ పాడైతే ఎవర్ని తిట్టాలి? నిన్ను తిట్టే హక్కు నాకు కావాలి. కొనుక్కుంటాను. ధర చెప్పు."

నోటికొచ్చింది అనేశాను. "పదో వంతు."

"దేన్లో పదో వంతు? అద్దెలోనా, నా పెన్షన్లోనా?"

అప్పుడు ఇద్దరమూ నవ్వుకున్నాం. తర్వాత ఆయన ఇంకో ప్రశ్న వేశాడు. అలాటి ప్రశ్న నన్ను అంతకు ముందూ ఆ తర్వాతా ఎవరూ అడగలేదు. "ఆ పదో వంతుకి ఏమేం చేస్తావో చెప్పావు. ఏం చెయ్యవో చెప్పలేదు."

నేను చెయ్యని పని ఒకటుంటుందా? ఆయన వారం రోజులు గడువిచ్చాడు. వారం తర్వాత వెళ్ళి రెండు చెప్పాను. రిపేరుకి నా చేతి డబ్బు పెట్టను. అద్దెకున్నవాళ్ళ ఇంట్లో ఏం వండుతున్నారో, ఎవరు వచ్చి పోతున్నారో మోసుకురాను. ఆయన తాళాలు నావైపు తోశాడు. "రెండే ఉన్నాయి. మూడోది కూడా ఎక్కడో ఉండే ఉంటుంది, వెతుక్కో" అన్నాడు.

ఆ రెండో మాట నాకెందుకు వచ్చిందంటే, అప్పటికే మలంచాలో ఒక ఇంటిగలాయన నా ప్రాణం తీస్తున్నాడు. కాలేజీ కుర్రాళ్ళకి ఇల్లిచ్చాడు. గుమ్మంలో ఎన్ని జతల చెప్పులున్నాయో, అందులో ఆడపిల్లల చెప్పులెన్నో చూసి చెప్పమని రోజూ ఫోను చేసేవాడు. "బాబూ, గోడలు బాగున్నాయి, అద్దె అందుతోంది. సెప్పులు లెక్కెట్టాలంటే దానికి ఇంకో మనిసిని ఎట్టుకోండి" అన్నాను. నెల్లాళ్ళు మాట్లాడలేదు. తర్వాత ఆయనే ఫోను చేసి, ట్యాంకు కడిగించమన్నాడు. ఒకసారి కాదంటే ఇంటిగలవాళ్ళు పారిపోతారని మనం భయపడతాం. చాలామంది పారిపోరు. వాళ్ళకి ఊళ్ళో ఇంకెవరున్నారు?

దేవుడి గది

అయితే కొత్తవాళ్ళందరి దగ్గరా పదో వంతు అడగగలిగాను కానీ, రవణమ్మ దగ్గర మాత్రం నోరు పెగల్లేదు. మొదటి తాళం ఇచ్చిన మనిషి. "వదినా" అని పిలుస్తుంది. ఏడాదికోసారి వచ్చేటప్పుడు మామిడి తాండ్ర తెస్తుంది. ఆ తాండ్ర నా ఏడాది కష్టానికి సరిపోయిందని నన్ను నేనే నమ్మించుకున్నాను.

ఆ ఇంట్లో ఇంకో చిక్కుంది. సూర్యారావుగారి తండ్రి మొదట రైల్వే పనికి వచ్చినప్పుడు ఊరినుంచి తమ ఇలవేల్పుని, పైడితల్లమ్మని, బుట్టలో పెట్టి తెచ్చుకున్నాడట. ఇల్లు కట్టాక ఒక చిన్న గదిలో నిలబెట్టాడు. చిన్న ఇత్తడి ప్రతిమ, ఒక పసుపు ముద్ద, ఒక పాత దీపం కుంది. కదిపితే ఇంటికి అరిష్టమన్నారు. అందుకని వీళ్ళు ఊరికి పోయేటప్పుడు ఆ గదికి తాళం వేసి, మిగతా ఇల్లంతా అద్దెకి ఇమ్మన్నారు. ప్రతి శుక్రవారం నేను వెళ్ళి ఆ గది తెరిచి దీపం పెట్టాలి. ఇలా అద్దె ఇంట్లో దేవుడి గదికి తాళం వేసుకుని పోయిన తెలుగువాళ్ళు మా ఊళ్ళో ఇంకా ఉన్నారు. మాకది వింతగా తోచదు.

మొదట అద్దెకున్నవాళ్ళు తెలుగువాళ్ళే. వాళ్ళూ వచ్చి దణ్ణం పెట్టుకునేవారు. వాళ్ళు బదిలీ మీద పోయాక శిఖా దీదీ వచ్చింది. ఒక ఆసుపత్రిలో నర్సు. భర్తతో విడిపోయి, పదిహేనేళ్ళ కూతురు తులితో వేరే ఉంటోంది. అప్పటికి ఇల్లు నాలుగు నెలలుగా ఖాళీగా పడి ఉంది. ఎలాగైనా ఇవ్వాలని నేను అసలు సంగతి చెప్పలేదు. "ఆ చిన్న గది ఇంటిగలవాళ్ళది, అప్పుడప్పుడు వచ్చి చూసుకుంటాను" అన్నాను. ప్రతి శుక్రవారమూ అనలేదు. నా తప్పు అక్కడే మొదలైంది. సగం చెప్పిన షరతు అబద్ధం కంటే చెడ్డది. అబద్ధమైతే మనకైనా గుర్తుంటుంది.

శిఖాకి నైట్ డ్యూటీలు ఎక్కువ. పొద్దున వచ్చి పడుకుంటుంది. నేను శుక్రవారం తొమ్మిదింటికి బెల్లు కొట్టేదాన్ని. ఎర్రబడ్డ కళ్ళతో వచ్చి తలుపు తీసేది. కొన్ని వారాలు ఏమీ అనలేదు. ఒకరోజు, "మాసీ, నేను పడుకుని గంట కూడా కాలేదు" అంది. పాపం అనిపించింది. ఆ మరుసటి వారం నుంచి బెల్లు కొట్టడం మానేసి, నా దగ్గరున్న రెండో తాళంచెవితో చప్పుడు లేకుండా తలుపు తీసి, దీపం పెట్టి, మళ్ళీ వేసి వచ్చేసేదాన్ని. ఆవిడ నిద్ర చెడగొట్టకూడదనే అలా చేశాను. నా మటుకు నేను మంచి పనే చేస్తున్నాననుకున్నాను.

ఒక శుక్రవారం తులికి జ్వరం వచ్చి బడికి పోలేదు. శిఖా ఇంకా డ్యూటీనుంచి రాలేదు. పిల్ల ఒక్కతే ఉంది. తలుపు దానంతటదే తెరుచుకోవడం చూసి, చపాతీల కర్ర తీసుకుని వచ్చి నా భుజమ్మీద ఒక్కటేసింది. నేను కేక వేశాను. అది నాకంటే పెద్ద కేక వేసింది. పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. అందులో ఒకావిడ, "అయ్యో, దొంగ కాదే, మన మాసీయే!" అని నవ్వింది. పిల్ల నవ్వలేదు. కర్ర పట్టుకునే నిలబడి వణుకుతోంది. ఆ వణుకు చూశాక నా భుజం నొప్పి నాకు తెలియలేదు.

శిఖా వచ్చేదాకా కూర్చున్నాను. వచ్చింది, విన్నది, అరవలేదు. "ఎన్నాళ్ళనుంచి ఇలా వస్తున్నారు?" అని అడిగింది. చెప్పాను. కాసేపు దేవుడి గది వైపు చూసింది.

"ఆ గదికి తాళం ఉంది మాసీ. నేనెప్పుడూ ఆ తాళాన్ని చేత్తో ముట్టుకోలేదు. మీ దేవుడికి తాళం ఉంది. అద్దె కడుతున్న నాకే లేదు."

దాదాబాబు వెతుక్కోమన్న మూడోది దొరికింది: మనుషులున్న ఇంటి తలుపు వాళ్ళనడక్కుండా తియ్యను. దొరికిన తీరుకి సిగ్గేసింది.

"ఒకటో తారీఖులోగా చెప్పండి. ఇకమీద లోపలికి రారంటే ఉంటాం. వస్తారంటే పోతాం. తులికి ఇది బోర్డు పరీక్షల ఏడాది, నాకు ఇల్లు మారాలని లేదు. కానీ పోతాం" అంది.

ఫోను

అది నెల పదిహేనో రోజు. ఇంకో పదిహేను రోజులుంది. ఆ మరుసటి శుక్రవారం నేను వెళ్ళలేదు. పక్కింటివాళ్ళు ఎవరో చేరవేశారు. సాయంత్రానికి రవణమ్మ ఫోను.

"ఏటొదినా, దీపం ఎట్టనేదంట?"

"ఎట్టనేదు రవణమ్మా. ఇకమీదట ఎట్టను. ఆ ఇంట్లో మనుసులున్నారు."

"మనుసులుండబట్టే గదా అద్దొస్తంది! అమ్మోరు సీకట్లో ఉండాలేటి?"

"అమ్మోరు మీయమ్మోరు. ఒచ్చి తీసుకెల్లండి. నేదంటే అద్దె మానేసి ఇల్లంతా ఆ తల్లికే వదిలీయండి."

ఇంక ఆగితే మళ్ళీ నోరు మూతపడుతుందని తెలిసి, రెండో మాట కూడా అనేశాను.

"ఈ నెల్నించి అద్దెలో పదో వంతు నాది. అందరి దగ్గరా తీసుకుంటున్నాను, మీ దగ్గరే అడగనేదు. దీపం అందులో లెక్క కాదు."

"ఓలమ్మ! అమ్మోరికి దీపమెట్టి కూలి అడుగుతావేటే? మొగుడు పోయినదానివి, నీ సేత్తో ఎట్టిన దీపానికి మేవే సర్దుకున్నాం, తెలుసా?"

గోడకి చేరబడ్డాను. ఏడుపు రావలసింది, కోపం వచ్చింది. మంచిదే అయింది.

"తొమ్మిదేల్లు ఊరకనే ఎట్టించుకున్నన్నాల్లూ నాకు మొగుడున్నాడనుకున్నావేటి రవణమ్మా?"

"ఆ నర్సుని ఖాలీ సేయించు. మనోలెవరినో సూసి ఎట్టు. ఆల్లే దీపం ఎట్టుకుంటారు."

"ఆ పిల్లకి పరీచ్చలు. నాను ఖాలీ సేయించను. నీకు కావాలంటే నువ్వే రైలెక్కొచ్చి సేయించుకో. తాలంసెవులు ఎవరికిమ్మంటే ఆల్లకిచ్చేత్తాను."

ఫోను పెట్టేసింది. నాకు తెలుసు, ఇది ఒక్క ఇంటితో ఆగదని. రెండు వారాల్లో రవణమ్మ చుట్టాలు నలుగురు తాళాలు వెనక్కి తీసుకున్నారు. ఒకడైతే, "దేవుడి దగ్గర బేరాలాడే మనిసి మాకొద్దు" అని నా మొహమ్మీదే అన్నాడు. నాలుగిళ్ళ పదో వంతులు పోతే నాకు మలంచా గది అద్దె కట్టడమే కష్టం. ఆ నెల టీలో పాలు మానేశాను. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, హద్దు గీసుకోమని చెప్పేవాళ్ళు దాని ఖరీదు చెప్పరు. ఖరీదు ఉంటుంది. తెలిసే గీయండి.

ఎర్ర దారం

ఒకటో తారీఖు రాకముందే శిఖా ఇంటికి వెళ్ళాను. బెల్లు కొట్టాను. నేనిక రానని చెప్పాను.

"మాటే కదా మాసీ" అంది. నిజమే, మాటే. అంతకు ముందు సగం మాట చెప్పి మోసం చేసింది నేనే. కాగితం రాద్దామా అంటే నాకు చదువు రాదు. అందుకని నాకు చేతనైన పని చేశాను. పాత జాకెట్టు గుడ్డతో చిన్న సంచీ చేసి తీసుకెళ్ళాను. రెండో తాళంచెవిని ఆవిడ ఎదురుగా అందులో వేసి, సూదీ దారం ఆవిడ చేతికే ఇచ్చాను.

"నువ్వే కుట్టు. నీ కుట్టు నేను కుట్టలేను. మంటో నీళ్ళో వస్తే నీకు ఫోను చేసి చెప్పి విప్పుతాను. ఎప్పుడు చూపించమంటే అప్పుడు చూపిస్తాను."

నర్సు కదా, గాయానికి కుట్లేసినట్టు దగ్గరదగ్గరగా ఎర్ర దారంతో కుట్టింది. తులి పక్కనే నిలబడి చూసి, "ఇంకో వరస వెయ్యమ్మా" అంది. వేసింది.

తర్వాత నా చేతిలో ఉన్న అన్ని ఇళ్ళకీ అలాగే చేయించాను. ఎవరి కుట్టు వాళ్ళది. ఒక మాస్టారు కుట్టడం రాక ముడులు వేసి ఇచ్చాడు, అవి విప్పడం దేవుడి వల్ల కూడా కాదు. మీరు చదువుకున్నవాళ్ళు, కవరుమీద సంతకం పెట్టించుకుంటారేమో. ఏదైనా సరే. మీ దగ్గరున్న తాళంచెవి మీకు కూడా వెంటనే అందకుండా ఉండాలి. మంచి ఉద్దేశంతో తలుపు తీసేవాళ్ళకే ఆ అడ్డు ఎక్కువ అవసరం.

గురువారం పొద్దున

శిఖా వెళ్ళిపోలేదు. తులి పరీక్షలు ఆ ఇంట్లోంచే రాసింది. కానీ అది అంత తేలిగ్గా తేలలేదు. రవణమ్మ ఇంకో మనిషిని పెడతానంది, తనే వచ్చి ఖాళీ చేయిస్తానంది. నెల దాటాక సూర్యారావుగారు ఫోను చేశారు. ఆయన నెమ్మది మనిషి, ఎక్కువ మాట్లాడరు. "నానొస్తన్నాను వదినా. గురువారం" అన్నారు. అంతే. ఖాళీ చేయించడానికో, తాళాలు తీసుకోవడానికో, నన్ను తిట్టడానికో చెప్పలేదు. శిఖాని అడిగాను. బుధవారం నైట్ డ్యూటీ ఉంది, పదకొండింటికి రమ్మంది. ఆ మాటే ఆయనకి చెప్పించాను.

ఎనిమిదిన్నరకే ఆయన స్టేషను నుంచి తిన్నగా వచ్చేశారని కబురు వస్తే పరుగెత్తాను. గేటు దగ్గర నిలబడి ఉన్నారు. భుజాన సంచీ, చేతిలో కొత్త వెదురు బుట్ట. బుట్ట చూడగానే ఆయన వచ్చింది దేనికో అర్థమై, నా ప్రాణం కాస్త కుదుటపడింది.

"తాలం తియ్యి వదినా. తానం సేసి అమ్మోరిని ఎత్తుకోవాల."

కొంగున కట్టుకున్న సంచీ తీసి చూపించాను. "ఆవిడ కుట్టింది. పదకొండింటికి రమ్మంది. ఇప్పుడే పడుకునుంటాది."

"నా ఇల్లే గదా!"

"మీదే. అద్దె తీసుకుంటన్నారు గదా బాబూ."

ఆయన ఆ సంచీని చేతిలోకి తీసుకున్నారు. కుట్టు మీద వేలు పెట్టి, ఒక వైపు నుంచి ఇంకో వైపుకి జరిపి చూశారు. లాగితే తెగిపోయే గుడ్డే అది. ఆయన నా చేతికి తిరిగిచ్చేసి, బుట్ట పక్కన పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నారు. నేనూ కింది మెట్టు మీద కూర్చున్నాను. మూలనున్న దుకాణం నుంచి మట్టి కప్పుల్లో టీ తెచ్చిచ్చాను.

టీ సగమయ్యాక ఆయనే మాట్లాడారు.

"ఆ గదికి తాలం ఏసుంటే మల్లీ ఒస్తామనుకున్నాం వదినా. రాము. మాకు తెలుసు."

టీ ఆఖరి గుక్క తాగి, ఆయన నావైపు తిరిగారు.

"నీ పదో వంతు నీదే. ఎనకటిది కూడా సూసి ఇత్తాను."

"ఎనకటిది వద్దు. అది నా తెలివితక్కువకి నాను కట్టిన ఫీజు. ఈ నెల్నించి ఇయ్యండి సాలు."

"రవణమ్మ అన్న మాట..."

"ఆ మాట మీరు మొయ్యకండి. అన్నది ఆవిడ. సెప్పాలంటే ఆవిడే సెప్పాల."

తలూపారు. ఆవిడ ఇంతవరకూ చెప్పలేదు. మళ్ళీ తాండ్ర కూడా పంపలేదు. నాకు అద్దెలో పదో వంతు మాత్రం నెలనెలా అందుతోంది.

ఎండ మెట్ల మీదకి వచ్చింది. తొమ్మిదయింది, పదయింది. ఆయన బెల్లు వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆయనతో పాటు వర్క్‌షాపులో పనిచేసిన మనిషొకడు సైకిలు మీద పోతూ, గుర్తుపట్టి, కాలు నేలకానించి ఆగాడు.

"ఏటి సూర్రావు! సొంతింటి మెట్ల మీద సుట్టంలా కూకున్నావు? తాలంసెవి పోనాదేటి?"

సూర్యారావుగారు గొంతు తగ్గించమని చెయ్యి చూపించారు.

"మెల్లగా మాటాడరా. లోపల మనుసులు పడుకున్నారు."